చెవి మేస్త్రి కుడిచెయ్యి

ఆ రోజు చెయ్యాల్సిన పనులు:

స్కూలు వ్యానుకు క్లచ్ ప్లేటు మార్చాలి.
పాలబండి రేడియేటరుకు అతుకు వెయ్యాలి.
తెల్లకారు ఆవిడ హారను తనంతట తనే మోగుతోందట, వినాలి.
నాలుగో నంబరు జాకీకి నూనె పొయ్యాలి.
ఇంటి స్టవ్ బర్నరు శుభ్రం చేసి పట్టుకెళ్లాలి. మర్చిపోతే మాటలు పడాలి.
మూడు గంటలకు డాక్టరుగారి బండి తోడల్లుడికి చూపించాలి.

ఆయిల్ ఫిల్టరు వచ్చిన అట్టపెట్టె మూత చింపి, దాని వెనక పెన్సిలుతో ఇలా రాసుకోవడం చెవి మేస్త్రికి ముప్పై ఏళ్ల అలవాటు. చివరి పనిని మాత్రం మిగతావాటికన్నా చిన్న అక్షరాల్లో రాశాడు, చిన్నగా రాస్తే పని కూడా చిన్నదవుతుందన్నట్టు.

తొమ్మిదింటికల్లా వ్యాను కింద వెల్లకిలా పడుకున్నాడు. మేస్త్రికి యాభై ఎనిమిది. పొట్టి మనిషి, ఎండిన ఒళ్లు. చేతులు మాత్రం వేరెవరివో తెచ్చి అతికించినట్టు పెద్దవి. గోళ్ల అంచుల్లో ఇంకిన గ్రీజు సబ్బుకూ కిరసనాయిలుకూ లొంగడం ఎప్పుడో మానేసింది. ఇంజిన్లో రోగం పట్టాలంటే పొడవాటి స్క్రూడ్రైవరు మొనను ఇంజిన్ మీద ఆనించి, పిడిని చెవికి పెట్టుకుని, కళ్లు మూసుకుంటాడు. ఏ బేరింగు అరిగిందో, ఏ వాల్వు బిగుసుకుందో విని చెప్పేస్తాడు. అందుకే ఆ పేరు వచ్చింది. అసలు పేరుతో పిలిచే వాళ్లెవరూ మిగల్లేదు.

వ్యాను కింద పడుకున్నాడన్నమాటే గాని, చెవిలో పొద్దున భార్య అన్న మాటలే తిరుగుతున్నాయి.

"ఏమండీ, చెల్లి మళ్లీ ఫోన్ చేసింది. బావగారు ఊ అంటేనే కొంటాడట మరిది. మీరు కాదంటే ఆ బండి ఊసే ఎత్తడట."

"ఇన్ని బళ్లుండగా వాడికి ఆ పాత డొక్కే కావాల్సొచ్చిందా?"

"డొక్కా? మొన్న ఆదివారమేగా దాన్ని రాణి అన్నారు?" అని ఆవిడ నవ్వింది.

మేస్త్రి నవ్వలేదు. బర్నరు మూటగట్టుకుని బయటపడ్డాడు.

తోడల్లుడికీ ఆయనకూ గొడవేమీ లేదు. అదే చిక్కు. గొడవ ఉంటే తిట్టుకుని తేలికపడొచ్చు. అక్కాచెల్లెళ్ల పెళ్లిళ్లు ఏడాది తేడాతో జరిగాయి. అప్పటికి తోడల్లుడు ఒక టైల్స్ షాపులో బరువులు మోసేవాడు. పదేళ్లకు షాపు వాడిదైంది. ఆ తర్వాత షాపు పక్క షాపు. ఆ తర్వాత రెండంతస్తుల మేడ. ఆ మేడ మెట్లు ఎక్కినప్పుడల్లా మేస్త్రికి మోకాలు నొప్పి వచ్చేది. విచిత్రం ఏమిటంటే మిగతా ఎవరి మెట్లెక్కినా వచ్చేది కాదు.

మామగారు బతికున్న రోజుల్లో ఎవరికైనా పరిచయం చేసేటప్పుడు, "వీడు మా చిన్నల్లుడు, టైల్స్ వ్యాపారం," అని భుజం తట్టేవాడు. తర్వాత కాస్త ఆగి, "ఈయన పెద్దల్లుడు. బళ్ల పని తెలుసు," అనేవాడు. ఆ కాస్త ఆగడాన్ని మేస్త్రి ఇప్పటికీ మర్చిపోలేదు. ఇంటి ఫొటోల్లో ఆయన ఎప్పుడూ చివర నిలబడి ఉంటాడు, చేతులు వెనక్కి పెట్టుకుని. టైల్స్ దుమ్ము ఒక్క చెంబు నీళ్లతో పోతుంది. గ్రీజు పోదు.

అయినా తోడల్లుడు కొన్న ప్రతి బండినీ మేస్త్రే చూసి పెట్టాడు. "అన్నయ్యా, మీ చెవి ఒకసారి వెయ్యండి," అని వాడు అడగడం, ఈయన స్క్రూడ్రైవరు పట్టుకుని వెళ్లడం. మొదట సెకండ్‌హ్యాండ్ స్కూటరు, తర్వాత డెలివరీ వ్యాను, తర్వాత కారు. ప్రతిసారీ మంచి బండే ఎంచి ఇచ్చాడు. ప్రతిసారీ ఇంటికొచ్చి భోజనం సగంలో లేచాడు.

"మేస్త్రీ," అంటూ వర్క్‌షాపులో బళ్లకు రంగులేసే పెయింటరు వ్యాను కిందికి తల పెట్టాడు. "ఇవాళ నీ రాణిని తమ్ముడికి కట్టబెడుతున్నావటగా?"

"నా రాణేంటి? డాక్టరుగారి బండి అది."

"కాగితాల్లో డాక్టరుగారిదే. తొమ్మిదేళ్లుగా ఏ ఆదివారమైనా ఆయన నడపగా చూసినవాడెవడు?"

"పన్నెండో నంబరు స్పానరు ఇలా ఇచ్చి నీ పని చూసుకో."

"ఇస్తాలే, ఇదిగో," అని పెయింటరు నవ్వుకుంటూ పోయాడు.

పెయింటరు అన్నది నిజం. ఆ డాక్టరుగారు కళ్ల డాక్టరు. ఎంతోమందికి చూపు నిలబెట్టిన మనిషికి తొమ్మిదేళ్ల కిందట తన చూపే మసకబారింది. వయసులో ఉండగా మోజుపడి కొనుక్కున్న రెండు సీట్ల స్పోర్ట్స్ కారు, ముదురు ఆకుపచ్చది, షెడ్డులో ఉండిపోయింది. కదలకపోతే పాడైపోతుందని, "ఆదివారం ఒక చుట్టు తిప్పు మేస్త్రీ," అన్నాడాయన. అప్పటినుంచి ప్రతి ఆదివారం పది గంటలకు మేస్త్రి ఇస్త్రీ చొక్కా వేసుకుని, పైకప్పు గుడ్డ మడిచి, ఊరంతా ఒక చుట్టు తిప్పేవాడు. మనుషులు తల తిప్పి చూసేవారు. తెలియనివాళ్లు నమస్కారం కూడా పెట్టేవారు. ఆయన దాన్ని తనదని ఎన్నడూ చెప్పలేదు. తనది కాదని కూడా ఎన్నడూ చెప్పలేదు. వారంలో ఆ ఒక్క గంటా తోడల్లుడి మేడ ఆయన కళ్లకు పొట్టిగా కనిపించేది.

ఇప్పుడు దాన్ని కూడా వాడే కొంటాడట. అదీ ఈయన నోటితో ఊ అనిపించుకుని.

రెండింటికే చేతులు కడుక్కుని డాక్టరుగారింటికి వెళ్లాడు. చెప్పిన వేళకు గంట ముందు. షెడ్డు తలుపు తీసి లైటు వేశాడు. తక్కువ ఎత్తు, పొడవాటి ముక్కు, గుండ్రటి దీపాలు. ఎప్పుడు చూసినా పరుగుకు ముందు వంగిన మనిషిలా ఉంటుంది. మేస్త్రి బానెట్ ఎత్తి, ఇంజిన్ వేడి చేద్దామని వంగాడు. వంగిన చెయ్యి అక్కడే ఆగింది.

నాలుగు ప్లగ్గులు, నాలుగు వైర్లు. చివరి వైరు టోపీని బొటనవేలితో పైకి ఒక్క నెట్టు నెట్టాడు, అంతే. ఊడలేదు, పైకి బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది. కానీ ఇంజిన్ మూడు సిలిండర్ల మీద కుంటుతుంది, దగ్గుతుంది, వణుకుతుంది. అలాంటి ఇంజిన్ని చూసి ఎవడూ కొనడు. అబద్ధం ఆడక్కర్లేదు, నోరు కూడా విప్పక్కర్లేదు. ముప్పై ఏళ్ల పనితనంలో మేస్త్రి ఏ బండికీ చెయ్యని పని అది. చేశాక చేతిని గుడ్డతో తుడుచుకున్నాడు. మరకేమీ అంటలేదు, అయినా రెండోసారి తుడిచాడు.

మూడింటికి తోడల్లుడు వచ్చాడు. ఆరడుగుల మనిషి, కొద్దిగా బొజ్జ, మడత నలగని చొక్కా. "అన్నయ్యా, మీరు ముందే వచ్చేశారే!" అన్నాడు. వాడి ముఖంలో పండగ చేసుకుంటున్న సంబరం కనిపించి మేస్త్రికి ఒళ్లు మండింది. డాక్టరుగారు గోడ పట్టుకుంటూ వచ్చి షెడ్డు గుమ్మంలో కుర్చీ వేయించుకున్నాడు.

మేస్త్రి తాళం తిప్పాడు. ఇంజిన్ దగ్గి, వణికి, కుంటుతూ నిలబడింది. తోడల్లుడి ముఖం వాడిపోయింది. మేస్త్రి లోపల ఏదో చల్లగా దిగింది.

"మేస్త్రీ," అన్నాడు డాక్టరుగారు తల ఒక పక్కకు వంచి. "ఒకటి పలకడం లేదు."

"ఆఁ?"

"నాలుగింట్లో ఒకటి పలకడం లేదు. నువ్వే కదయ్యా నాకు వినడం నేర్పింది. నిన్న సాయంత్రం మా వాళ్లు స్టార్ట్ చేస్తే నాలుగూ పలికాయే?"

డాక్టరుగారి కళ్లు మేస్త్రి వైపు లేవు, ఎక్కడో గోడ మీద ఉన్నాయి. అయినా మేస్త్రి తల దించుకున్నాడు.

"ప్లగ్గు వైరు వదులైనట్టుందండీ," అని వంగి, టోపీని కిందికి నొక్కాడు. ఇంజిన్ ఒక్కసారిగా గొంతు సవరించుకుని నిండుగా పలికింది.

"అదీ!" అన్నాడు డాక్టరుగారు. ఇంకేమీ అనలేదు. ఏదైనా అనుంటే బాగుండేదనిపించింది మేస్త్రికి.

ఆ సిగ్గులోంచే ఆయనకు మాటలు వచ్చాయి. అబద్ధం చేతగాలేదు కనక నిజంతోనే కొడదామనుకున్నాడు. "విను తమ్ముడూ. చల్లగా ఉన్నప్పుడు రెండో గేరు పడదు, ఒకటి నుంచి మూడుకే వేసుకోవాలి. ట్రాఫిక్‌లో పావుగంట ఆగితే వేడి ముల్లు ఎర్రగీత దాటుతుంది. పైకప్పు గుడ్డ ఎడమ మూల కారుతుంది. పెట్రోలు ముల్లు సగం దగ్గర అబద్ధం చెప్తుంది. డ్రైవరు సీటు కింద తుప్పుంది, అతుకు వేశాను, మళ్లీ వస్తుంది. రెండు వైపర్లలో ఒకటే ఆడుతుంది, అదీ దాని ఇష్టం. కొన్ని సామాన్లు దొరకవు, చేయించుకోవాలి. చెప్పలేదనకు."

"ఇన్ని రోగాలు చెప్తే నా బండి అమ్ముడుపోయినట్టే!" అని డాక్టరుగారు నవ్వాడు.

తోడల్లుడు కూడా నవ్వాడు. "అన్నయ్యా, వదిన మీ గురించి చెప్పేటప్పుడు కూడా ఇంత పెద్ద లిస్టు చెప్పదు. అయినా ముప్పై ఏళ్లు ఉంచుకుంది కదా. పదండి, ఒకసారి నడిపి చూస్తాను."

గోడౌన్ల వెనక రోడ్డు తిన్నగా, ఖాళీగా ఉంటుంది. తోడల్లుడు నడిపాడు, మేస్త్రి పక్కన కూర్చున్నాడు. తొమ్మిదేళ్లలో ఆ పక్కసీట్లో ఆయన కూర్చోవడం అదే మొదలు. అక్కణ్నుంచి చూస్తే బండి ముక్కు ఇంకెవరిదో అనిపించింది. గాలికి తోడల్లుడి జుట్టు ఎగురుతోంది. వాడు పెదాలు బిగబట్టి నవ్వు ఆపుకుంటున్నాడు. మేస్త్రికి కడుపులో నిప్పు రాజుకుంది.

"బ్రేకు కొట్టి చూడు," అన్నాడు పొడిగా.

తోడల్లుడు తొక్కాడు. బండి ఎడమకు విసురుగా లాగి, రోడ్డు అంచున ఉన్న రాయికి జానెడు దూరంలో ఆగింది.

"ఇదేంటి అన్నయ్యా! ఇది చెప్పలేదే?"

"నువ్వు స్టీరింగు వదిలేశావు."

"నేను వదల్లేదు."

ఇంకోసారి తొక్కాడు. మళ్లీ ఎడమకే లాగింది. వాడి నుదుట చెమట పట్టింది.

"దిగు, నేను చూపిస్తాను," అన్నాడు మేస్త్రి. సీటు ముందుకు జరుపుకుని, నడిపి, బ్రేకు కొట్టాడు. దారం పట్టి గీసినట్టు బండి నిటారుగా ఆగింది. "చూశావా? అందరి చేతికీ రాదు ఇది," అన్నాడు. ఆ మాట అనడంలో ఉన్న తీపి ఆయన నాలుకకే తెలిసింది.

"మళ్లీ కొట్టండి."

మళ్లీ నిటారుగానే ఆగింది. ఈసారి తోడల్లుడు రోడ్డు చూడలేదు. "అన్నయ్యా," అన్నాడు మెల్లగా. "మీ చెయ్యి చూసుకోండి."

మూడోసారి మేస్త్రి చూసుకున్నాడు. కాలు బ్రేకు మీద పడుతుండగానే కుడిచెయ్యి స్టీరింగును నాలుగు వేళ్ల మేర కుడికి లాగుతోంది. ఆయన్ని అడగలేదు. ఆయనకు చెప్పలేదు. పాదమూ చెయ్యీ వాటిలో అవే మాట్లాడుకుని ఆ పని చేస్తున్నాయి. నాలుగోసారి చెయ్యి పూర్తిగా వదిలేసి బ్రేకు నొక్కాడు. బండి ఎడమకు లాగింది.

ఇంజిన్ ఆపేశాడు. ఎంతకాలంగా? ఎడమ చక్రం బ్రేకు ప్యాడ్లు తొందరగా అరగడం చూస్తూనే ఉన్నాడు. రోడ్డు వాలు అనుకున్నాడు. రోగం వెంట్రుకవాసి చొప్పున పెరిగింది, చెయ్యి వెంట్రుకవాసి చొప్పున సర్దుకుంది. ఊళ్లో బళ్లన్నిటి గుండె చప్పుడూ విన్న మనిషి తొమ్మిదేళ్లపాటు తన చేతిలో ఉన్నదాన్ని వినలేకపోయాడు. తుప్పూ, వైపరూ, పెట్రోలు ముల్లూ అన్నీ వరసపెట్టి అప్పజెప్పాడు. ప్రాణం తీసేదాన్ని మాత్రం చెప్పలేదు. దాచిపెట్టి కాదు, తెలియక.

తోడల్లుడు కోప్పడతాడనుకున్నాడు. వాడు డాష్‌బోర్డు మీద వేలితో దుమ్ము గీస్తూ, "ఒక మాట చెప్తాను, నవ్వకండి," అన్నాడు. "ప్రతి ఆదివారం పదింబావుకి మీరు మా షాపు ముందునుంచి పోతారు. నేను లోపల పగిలిన టైల్స్ ఏరుకుంటూ ఉంటాను. మీ మరదలు బయట నిలబడి, చూడండి బావగారు ఎంత దర్జాగా పోతున్నారో, అంటుంది. ఎన్నేళ్లు? తొమ్మిదేళ్లు! అన్నయ్యా, నా కడుపు మండిపోయేది. ఒక్కో ఆదివారం షట్టర్ సగం దించేసి కూర్చునేవాణ్ని."

మేస్త్రి వాడి వైపు తిరిగి చూశాడు. ఎగతాళేమో అనుకున్నాడు. కాదు. వాడి చెవులు ఎర్రబడ్డాయి.

"నీకు మేడ ఉంది కదరా," అన్నాడు చివరికి.

"మేడని చూసి ఎవరూ తల తిప్పరన్నయ్యా." వేలికంటిన దుమ్ము తుడుచుకుని, "ఇప్పుడు చెప్పండి. కొనమంటారా, వద్దంటారా? మీ మాటే," అన్నాడు.

వద్దు అన్న మాట మేస్త్రి నాలుక చివర సిద్ధంగా ఉంది. తియ్యగా ఉంది. న్యాయంగా కూడా ఉంది, ఇప్పుడే రాయికి గుద్దుకోబోయిన బండి. ఆయన్ని తప్పు పట్టేవాడెవడూ లేడు. అందుకే ఆ మాటను ఆయన నమ్మలేదు. ముక్కూమొహం తెలియని మనిషెవడో ఈ బండి తెచ్చి అడిగితే ఏమంటాను, అని తన్ను తానే అడిగాడు. జవాబు చాలాసేపటికి గాని రాలేదు. వచ్చాక దాన్ని బయటికి తేవడానికి ఇంకాసేపు పట్టింది.

"కొనుక్కో," అన్నాడు. "ఇంజిన్ బంగారం. మిగతావన్నీ కుదిరే రోగాలే. కానీ బ్రేకు నేను సరిచేసేదాకా నువ్వు దీన్ని ముట్టుకోవద్దు."

వర్క్‌షాపుకు బండిని ఆయనే మెల్లగా నడుపుకుంటూ తెచ్చాడు. కుడి చక్రం విప్పాడు. బ్రేకు నూనె వెళ్లే రబ్బరు గొట్టం పైకి నల్లగా, నున్నగా ఉంది, ఒక్క పగులు లేదు. తీసి కత్తితో చీలిస్తే లోపల ఉబ్బి, సూది కూడా దూరనంతగా మూసుకుపోయి ఉంది. పెయింటరు తొంగి చూసి, "బయటికి ఎంత నిగనిగలాడుతోందో," అన్నాడు. మేస్త్రి కొలత చూసి కొత్త గొట్టం బిగించాడు, బ్రేకు నూనెలో చిక్కిన గాలి తీశాడు, చక్రం ఎక్కించాడు.

పని అయ్యాక వర్క్‌షాపు వెనక సందులో తనే నడిపి బ్రేకు కొట్టాడు. బండి కుడికి లాగింది. మళ్లీ కొట్టాడు. మళ్లీ కుడికే. బండిలో ఇప్పుడు రోగం లేదు. ఆయన చేతిలో ఉంది. లాగకూడదని చేతికి చెప్పాడు, గట్టిగా చెప్పాడు. యాభై ఎనిమిదేళ్ల చెయ్యి వినలేదు.

"నువ్వు కొట్టు," అని తోడల్లుడికి తాళం ఇచ్చాడు.

వాడు మొదటిసారే నిటారుగా ఆపాడు. పిల్లాడిలా కేకేశాడు. మేస్త్రి కడుపుమంట ఆ కేకతో చల్లారిందని రాస్తే అది అబద్ధం. ఇంకా మండింది. ఎవడో దారినపోయే మనిషి కూడా ఇక ఆ బండిని నిటారుగా ఆపగలడు, తాను తప్ప. దాన్ని అలా చేసింది తానే.

"ఆదివారాలు మాత్రం మీరే తిప్పాలి అన్నయ్యా," అన్నాడు తోడల్లుడు.

"నా చేతికి ఇక రాదు. నువ్వే తిప్పుకో. రెండో గేరు గుర్తుందా?"

"ఒకటి నుంచి మూడు."

"ఊఁ. పో."

బండి గేటు దాటి మలుపు తిరిగింది. నాలుగు సిలిండర్లూ పలుకుతున్నాయి. చప్పుడు ఆగిపోయేదాకా మేస్త్రి కళ్లు మూసుకుని విన్నాడు. తర్వాత పాలబండి దగ్గరకు వెళ్లాడు.

ఆదివారాలు తోడల్లుడు ఆయన్ని పక్కసీట్లో ఎక్కించుకుని తిప్పేవాడు. వాడు బ్రేకు వేసిన ప్రతిసారీ మేస్త్రి కుడిచెయ్యి ఒళ్లోనే కుడికి కదిలేది. ఇద్దరూ చూసేవారు. అలా పదకొండు నెలలు. ఒక మంగళవారం, టీ తాగి గ్లాసు పక్కన పెట్టి, కాస్త గోడకు ఆనుకుంటానన్న మేస్త్రి మళ్లీ లేవలేదు. పెయింటరు నిద్రనుకుని అరగంటపాటు చప్పుడు చెయ్యకుండా పని చేసుకున్నాడు.

తోడల్లుడు మరుసటి ఏడు బండికి రంగు వేయించాడు. స్టీరింగు చెక్కచక్రానికి వార్నిష్ పుయ్యబోతున్న పెయింటరు చెయ్యి పట్టుకుని, "అక్కడ వద్దు, అలాగే ఉండనీ," అన్నాడు.

మీరు ఎప్పుడైనా ఎక్కడైనా ఆ ఆకుపచ్చ బండి ఆగి ఉండగా చూస్తే, కాస్త వంగి లోపలికి చూడండి. స్టీరింగు చక్రానికి కుడివైపు, నాలుగు వేళ్ల మేర వార్నిష్ అరిగిపోయి, లోపలి చెక్క లేతగా, నున్నగా బయటపడి ఉంటుంది. అక్కడ తొమ్మిదేళ్లు ఉన్న చెయ్యి ఎవరిదో దయచేసి గుర్తుపెట్టుకోండి.